కారే వాల్వ్ కన్నా ప్రమాదం, దాన్ని బిగించే చెయ్యి

చోడవరం: చెరకు ట్రాక్టర్లు గోవాడ దారి పట్టాయంటే చుట్టుపక్కల ఊళ్లకి క్రషింగ్ సీజన్ వచ్చినట్టే. చెరకు పిప్పిని మండించి బాయిలర్‌లో ఆవిరి పుట్టించడం, ఆ ఆవిరితో మిల్లు నడపడం చక్కెర ఫ్యాక్టరీల్లో ఎన్నో ఏళ్లుగా ఉన్న పద్ధతే. ఇంకోపక్క ఇదే ప్రాంతం నుంచి కుర్రాళ్లు పరవాడ ఫార్మా సిటీకి, అచ్యుతాపురం సెజ్‌కి షిఫ్టు డ్యూటీలకు వెళ్తున్నారు. అక్కడ రియాక్టర్లు, సాల్వెంట్ ట్యాంకులు, గ్యాస్ లైన్లు. ఇంట్లో అమ్మీ పొయ్యి మీద పెట్టిన ప్రెషర్ కుక్కర్ నుంచి ఆ రియాక్టర్ దాకా అన్నింటికీ కాపలా కాసేది ఒకే సూత్రం. లోపల ఒత్తిడి హద్దు దాటితే తనంతట తాను తెరుచుకుని, తగ్గాక మళ్లీ మూసుకునే సేఫ్టీ వాల్వ్.

ఈ వాల్వ్ గురించి మామూలుగా ఒకటే అడుగుతారు: అవసరానికి తెరుచుకుంటుందా? ఇంజినీర్లను ఏళ్ల తరబడి వేధిస్తున్నది రెండో ప్రశ్న. తెరుచుకోవాల్సిన అవసరం లేనప్పుడు గట్టిగా మూసుకుని ఉంటుందా? చుక్క కూడా కారకుండా ఉంటుందా? కంప్యూటర్ మోడలింగ్‌తో ఇప్పుడు దీనికే జవాబు వెతుకుతున్నారు. ఇదేదో లేబొరేటరీ గొడవ అని పక్కన పెట్టడానికి లేదు. రాత్రి షిఫ్టులో ఉన్న కొడుకు క్షేమంగా ఇంటికి రావడంతో దీనికి నేరుగా సంబంధం ఉంది.

డేగ్ మూత, కుళాయి వాషరు

దమ్ బిర్యానీకి డేగ్ మూత పెట్టాక అంచు చుట్టూ గోధుమ పిండి ముద్ద అంటిస్తారు. మూతకీ డేగ్‌కీ మధ్య ఎన్ని ఎగుడుదిగుళ్లు ఉన్నా మెత్తటి పిండి అందులోకి దూరి సందులు మూసేస్తుంది. ఆవిరి బయటికి పోదు. మసీదులో వజూ కుళాయి లోపల ఉండే రబ్బరు వాషరు చేసేదీ అదే పని. అది అరిగితే చుక్క చుక్క కారుతుంది, కొత్త వాషరు వేస్తే ఆగిపోతుంది. కుక్కర్ మూత కింద గాస్కెట్ కూడా ఇదే కోవకి చెందుతుంది. వీటిని మెత్తటి సీలు అనుకోవచ్చు.

అయితే బాయిలర్ దగ్గర ఈ ఉపాయం పనిచేయదు. అధిక వేడి ఆవిరికి రబ్బరు గట్టిపడి చిట్లిపోతుంది. కొన్ని రసాయనాలకు ఉబ్బిపోతుంది. అందుకే అలాంటి చోట్ల లోహం మీద లోహమే కూర్చోవాలి. కింద నాజిల్, దాని అంచే సీటు. పైన డిస్కు. డిస్కును కిందికి నొక్కుతూ బలమైన స్ప్రింగ్. మధ్యలో పిండి లేదు, రబ్బరు లేదు. రెండు లోహపు ముఖాలు ఒకదానికొకటి ఎంత చక్కగా అతుక్కుంటే అంత భద్రం.

ఆ ముఖాలను సన్నటి పొడితో రుద్ది రుద్ది నునుపు చేస్తారు. దీన్ని ల్యాపింగ్ అంటారు. చదునుగా వచ్చిందో లేదో చూడ్డానికి గాజు బిళ్ల పెట్టి, ఒకే రంగు కాంతిలో కనిపించే చారలను లెక్కపెడతారు. ఒక్కో చారకు దాదాపు 0.3 మైక్రాన్ తేడా. మనిషి తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుందంటే ఆ పని ఎంత సున్నితమో తెలుస్తుంది. ఇంత చేసినా మైక్రోస్కోపు కింద పెడితే ఆ నున్నటి ముఖం మీద కొండలు, లోయలే కనిపిస్తాయి. రెండు ముఖాలూ కలిసినప్పుడు నిజంగా తగిలేది కొండ శిఖరాలు మాత్రమే. లోయలన్నీ ఆవిరికి దారులు.

లెక్క వేసి చూద్దాం

ఇది సాదా లెక్కతో కూడా అర్థమవుతుంది. నాజిల్ లోపలి వ్యాసం 40 మిల్లీమీటర్లు అనుకుందాం. వైశాల్యం సుమారు 12.57 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 10 కేజీల ఒత్తిడి వచ్చినప్పుడు తెరుచుకోవాలని వాల్వ్‌ను సెట్ చేశారు. అంటే స్ప్రింగ్ డిస్కును దాదాపు 125.7 కేజీల బలంతో కిందికి నొక్కుతోంది.

ఇప్పుడు బాయిలర్ 9 కేజీల దగ్గర నడుస్తోంది. ఆవిరి కింది నుంచి 113.1 కేజీల బలంతో డిస్కును పైకి తోస్తోంది. తీసేస్తే మిగిలింది 12.6 కేజీలు. 125 కేజీల స్ప్రింగ్ ఉంది కదా అన్న ధీమా ఇక్కడికి వచ్చేసరికి పదో వంతుకు దిగిపోయింది. సీటును మూసి ఉంచుతున్నది ఆ 12.6 కేజీలే.

కథ ఇంతటితో అయిపోలేదు. సీటు అంచు వెడల్పు 1 మిల్లీమీటరు ఉందనుకుందాం. ఆవిరి లోయల గుండా ఆ అంచు కిందికి కొంచెం కొంచెంగా చొరబడుతుంది. చొరబడిన మేరకు డిస్కు కింద అది తోసే వైశాల్యం పెరుగుతుంది. పూర్తి ఒత్తిడితో బయటి అంచు దాకా చేరిందనుకుంటే వ్యాసం 42 మిల్లీమీటర్లు అయినట్టే. అప్పుడు పైకి తోసే బలం సుమారు 124.7 కేజీలు. మిగిలేది ఒక్క కేజీ. నిజానికి దారి పొడవునా ఒత్తిడి తగ్గుతూ పోతుంది కాబట్టి అసలు సంఖ్య ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఆ ‘ఎక్కడో’ కచ్చితంగా ఎక్కడ అన్నదే అసలు చిక్కు. కాగితం మీద తేలేది కాదు. కంప్యూటర్ అవసరం పడింది ఇక్కడే.

కంప్యూటర్ చేసే పని ఏమిటి

ముందుగా వాల్వ్ ఆకారాన్ని కంప్యూటర్‌లో గీసి, వేలాది చిన్న చిన్న ముక్కలుగా విడగొడతారు. దీన్నే ఫినైట్ ఎలిమెంట్ పద్ధతి అంటారు. ఒక్కో ముక్క మీద స్ప్రింగ్ బలం ఎంత, ఆవిరి ఒత్తిడి ఎంత, వేడికి లోహం ఎంత వ్యాకోచిస్తుంది, ఎంత వంగుతుంది అని లెక్క కడతారు. సీటు దగ్గర ఏ బిందువులో ఎంత బిగువు ఉందో పటంలా బయటికి వస్తుంది.

రెండో మెట్టు, ఉపరితలం. అసలు వాల్వ్ సీటును కొలిచే యంత్రం కింద పెట్టి కొండలు లోయల ఎత్తులు నమోదు చేస్తారు. ఆ పటాన్ని మోడల్‌లోకి ఎక్కించి, నొక్కినప్పుడు ఏ శిఖరం ఎంత అణుగుతుంది, ఏ లోయ తెరిచి ఉంటుంది అని చూస్తారు. మూడో మెట్టు, ఆ లోయల గుండా గ్యాస్ ఎంత పారుతుందో లెక్క. ఇలాంటి సన్నటి సందులో పారే ధార సందు ఎత్తుకు ఘనంగా పెరుగుతుంది. అంటే సందు రెండింతలైతే లీకు రెండింతలు కాదు, ఎనిమిదింతలు అవుతుంది. మైక్రాన్ భాగాల కోసం ఇంత పట్టింపు ఎందుకంటే జవాబు ఇదే.

బ్రిటన్‌లో గ్లాస్గోలోని స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇదే పద్ధతిలో, లోహపు సీటున్న రిలీఫ్ వాల్వ్ మీద చేసిన అధ్యయనాన్ని 2016లో ప్రచురించారు. సీటు అంచు కిందికి ద్రవం చొరబడటాన్ని కూడా మోడల్‌లో కలపడం అందులో ముఖ్యమైన సంగతి. పైన వేసిన లెక్క చూస్తే దాని విలువ తెలుస్తుంది. ఆ ఒక్కటి వదిలేస్తే 12.6 కేజీల ధీమా ఉందనుకుంటాం, నిజంగా ఉన్నది అందులో సగమే కావచ్చు.

కంపెనీలకు ఇందులో లాభమూ ఉంది. వాల్వ్ కారదన్న నమ్మకం ఉంటే ప్లాంటును హద్దుకు మరికాస్త దగ్గరగా నడపొచ్చు. అదే బాయిలర్ నుంచి ఎక్కువ పని తీయొచ్చు. రకరకాల డిజైన్లు తయారుచేసి పరీక్షించే ఖర్చూ తగ్గుతుంది. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. మోడల్ చెప్పేది కొత్త, శుభ్రమైన, సరిగ్గా బిగించిన వాల్వ్ గురించి. ఫ్యాక్టరీలో ఉండేది ఐదేళ్లు ఎండకీ వానకీ, మసికీ ఉప్పు గాలికీ నానిన వాల్వ్. సీటు మీద ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే కంప్యూటర్ లెక్కలన్నీ తలకిందులవుతాయి. మోడల్ తనిఖీకి తోడు మాత్రమే, దాని బదులు కాదు.

నీళ్ల గ్లాసు, నిమిషానికి 20 బుడగలు

అంత పెద్ద కంప్యూటర్ చెప్పిన దాన్ని చివరికి పరీక్షించేది మాత్రం నీళ్లలో బుడగలు లెక్కపెట్టి. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ప్రమాణం ఏపీఐ 527 ప్రకారం వాల్వ్‌ను సెట్ ఒత్తిడిలో 90 శాతం దగ్గర నిలబెట్టి, బయటికి వచ్చే దారికి సన్నటి గొట్టం తగిలిస్తారు. గొట్టం కొస నీటి మట్టానికి అర అంగుళం కింద ఉండాలి. మామూలు ఒత్తిళ్లలో పనిచేసే లోహపు సీటు వాల్వ్ అయితే చిన్న సైజుకు నిమిషానికి 40 బుడగలు, పెద్ద సైజుకు 20 బుడగల దాకా అనుమతి ఉంది. మెత్తటి సీలు వాల్వ్‌కు మాత్రం ఒక్క బుడగ కూడా రాకూడదు.

20 బుడగలంటే రోజుకు సుమారు ఎనిమిదిన్నర లీటర్ల గాలి. అంటే లోహపు సీటు వాల్వ్ ‘పాస్’ అయ్యిందంటే అసలు కారదని అర్థం కాదు, ఒప్పుకున్న హద్దు లోపల కారుతుందని అర్థం. గాలి అయితే పర్వాలేదు, ఆవిరి అయినా సర్దుకోవచ్చు. అదే విషవాయువు అయితే? అందుకే అలాంటి చోట్ల వాల్వ్ నోరు ఆకాశంలోకి తెరిచి ఉంచకూడదు. దాన్ని కడిగేసే స్క్రబ్బర్‌కో, కాల్చేసే మంటకో కలపాలి.

చిన్న లీకు పెద్ద తప్పుకు దారి

నిజానికి ఎక్కువ భయపడాల్సింది ఆ బుడగల గురించి కాదు. లీకు చూసి మనిషి ఏం చేస్తాడన్నది అంతకన్నా పెద్ద విషయం.

వంటింట్లోనే చూడండి. కుక్కర్ వెయిట్ దగ్గర ఆవిరి ఊరికే పోతుంటే కొందరు దాని మీద చెంచా ఆనిస్తారు, గుడ్డ కప్పుతారు. సేఫ్టీ ప్లగ్ పోతే కొత్తది తెచ్చే ఓపిక లేక ఏదో ఒకటి కుక్కి పెడతారు. ఆవిరి ఆగుతుంది, పప్పు ఉడుకుతుంది. కానీ ఆ క్షణం నుంచి కుక్కర్‌కు కాపలా లేదు.

ఫ్యాక్టరీలోనూ అదే బుద్ధి. వాల్వ్ కారుతోంది. సీటు మళ్లీ ల్యాపింగ్ చేయించాలంటే ప్లాంటు ఆపాలి. ప్లాంటు ఆపితే ఆ రోజు ఉత్పత్తి నష్టం. దాంతో పైన ఉన్న స్క్రూను రెండు మరలు బిగిస్తే సరిపోదా అనిపిస్తుంది. లీకు ఆగుతుంది. దాంతోపాటు 10 కేజీలకు తెరుచుకోవాల్సిన వాల్వ్ 11కో 12కో వెళ్లిపోతుంది. లెడ్జరులో ఆ రోజు ఖర్చు సున్నా. అసలు అప్పు మాత్రం వేరే పద్దులో, కార్మికుల ప్రాణాల మీద ఎక్కింది. అందుకే బాయిలర్ సేఫ్టీ వాల్వ్‌ను పనిచేయకుండా చేయడం 1923 నాటి బాయిలర్ల చట్టంలోనూ, దాని స్థానంలో 2025లో వచ్చిన కొత్త చట్టంలోనూ శిక్ష పడే నేరమే.

లీకు చేసే చెడుపు ఇంకోటి ఉంది. అది మనిషిని అలవాటు పడేలా చేస్తుంది. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని మళ్లీ మూసుకోలేదు. దాని వెనక పైపులో వేడి పెరిగినట్టు మీటరు చూపిస్తూనే ఉంది. అయినా ఆపరేటర్లు పట్టించుకోలేదు. ఎందుకంటే ఆ లైనులో ముందు నుంచీ కొద్దిపాటి లీకు ఉంది, ఆ వేడి మామూలే అనుకున్నారు. రెండు గంటలకు పైగా చల్లబరిచే నీరు ఆ దారిన పోయింది. రియాక్టర్ గుండెకాయ సగం దాకా కరిగింది. వాళ్ల కళ్లు కప్పింది, పాతబడిపోయిన ఓ చిన్న లీకు.

వెంకటాపురం నేర్పిన పాఠం

విశాఖ జిల్లా ప్రజలకు ఈ సంగతులు పుస్తకంలో చదివి తెలుసుకోవాల్సిన అవసరం లేదు. 1997 సెప్టెంబరు 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో గ్యాస్ లీకై మంటలు లేచి సుమారు 60 మంది చనిపోయారు. 2020 మే 7న, రంజాన్ నెలలో, సహరీకి లేచే వేళ ఆర్ఆర్ వెంకటాపురం మీద స్టైరీన్ ఆవిరి కమ్ముకుంది. ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి వచ్చిన ఆ ఆవిరికి 12 మంది బలయ్యారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు.

అది లోహపు సీటు వాల్వ్ కారిన కేసు కాదు. ఆ తేడా గుర్తుంచుకోవాలి. స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి, తనలో తాను గట్టిపడకుండా టీబీసీ అనే మందు కలపాలి. లేకపోతే అది పాలిమర్‌గా మారుతూ వేడి పుట్టిస్తుంది. ఆ వేడి మార్పును ఇంకా ఉసిగొల్పుతుంది. లాక్‌డౌన్‌లో ట్యాంకు కదలకుండా ఉండిపోయింది. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ 2020 జులైలో ఇచ్చిన నివేదికలో టీబీసీ సరిపడా లేకపోవడం, చల్లబరిచే యంత్రాన్ని 24 గంటలూ నడపకపోవడం, ఉష్ణోగ్రతను ట్యాంకు అడుగున మాత్రమే కొలవడం, సైరన్ ఉండి కూడా మోగించకపోవడం వంటి లోపాలను ఎత్తిచూపింది. అడుగున మీటరు చల్లగానే చూపిస్తుంటే పై పొరల్లో స్టైరీన్ మరిగిపోయింది. పై పొర, కింది పొర మధ్య వేడి ఎలా తేడా వస్తుందో ముందే కంప్యూటర్‌లో వేసి చూసి ఉంటే, మీటరు ఒక్క అడుగున ఉంటే చాలదని తేలిపోయేది.

ఇంకో పాఠమూ ఉంది. ట్యాంకు పగల్లేదు, దాని గొట్టాల నుంచి ఆవిరి బయటికి వెళ్లిపోయింది. ట్యాంకు వరకు చూస్తే అది రక్షణే. కానీ ఆ ఆవిరి వెళ్లింది నిద్రలో ఉన్న ఊరి మీదికి. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి భోపాల్‌లో జరిగిందీ ఇలాంటిదే. అక్కడ 610 నంబరు ట్యాంకు రిలీఫ్ వాల్వ్ తెరుచుకోవాల్సినప్పుడే తెరుచుకుంది. చల్లబరిచే యంత్రం ముందే ఆపేశారు. గ్యాస్‌ను కడగాల్సిన స్క్రబ్బర్ ఆ ధాటికి ఆగలేదు. కాల్చాల్సిన మంట గొట్టం పనిలో లేదు. వాల్వ్ తన డ్యూటీ చేసింది, వేలాది ప్రాణాలు పోయాయి.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా ఫార్మా కంపెనీలో సాల్వెంట్ లీకై పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. ఆ దుర్ఘటన కారణం కూడా వాల్వ్ సీటు కాదు. కానీ ఈ ప్రమాదాలన్నింటి వెనక వరస ఒకటే. లోపల ఉండాల్సింది బయటికి వచ్చింది, ఎటు పోతుందో, అక్కడ ఎవరున్నారో ముందుగా ఎవరూ ఆలోచించి పెట్టలేదు.

కుటుంబాలు ఏం అడగాలి

2022 ఏప్రిల్ 4 నుంచి చోడవరం విశాఖ నుంచి విడిపోయి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. పరవాడ, అచ్యుతాపురం కూడా ఇదే జిల్లాలో ఉన్నాయి. ఐటీఐ, పాలిటెక్నిక్, డిగ్రీ చదివిన పిల్లలకు దగ్గర్లో దొరికే ఉద్యోగాలు ఎక్కువగా ఇవే. ఫ్యాక్టరీలు వద్దనడం పరిష్కారం కాదు. జీతం ఎంత, పీఎఫ్ కడతారా అని అడిగినట్టే ఇంకో నాలుగు మాటలు అడగడం నేర్చుకోవాలి.

ఒకటి, నేను పనిచేసే చోట సేఫ్టీ వాల్వ్‌లను చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? ప్రతి వాల్వ్‌కు సెట్ ఒత్తిడి, పరీక్ష తేదీ రాసిన ట్యాగు ఉండాలి, స్ప్రింగ్ స్క్రూకు సీలు ఉండాలి. సీలు తెగి ఉంటే ఎవరో బిగించారనే అనుమానించాలి. రెండు, వాల్వ్ తెరుచుకుంటే గ్యాస్ ఎటు పోతుంది? మూడు, సైరన్ మోగితే ఏ గేటు నుంచి ఏ దిక్కుకు పరుగెత్తాలి? గాలి వాలుకు అడ్డంగా వెళ్లాలన్నది ప్రతి కార్మికుడికీ తెలియాలి. నాలుగు, లీకు చూసి చెప్పినవాడిని మెచ్చుకుంటారా, ‘ఊరికే గోల చేయకు’ అంటారా?

ఊరివాళ్లకూ హక్కుంది. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర రసాయనాల వివరాలను కార్మికులతో పాటు చుట్టుపక్కల ప్రజలకూ చెప్పాలని యాజమాన్యాల మీద బాధ్యత పెట్టారు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద తనిఖీ రిపోర్టుల కోసం ఆయా శాఖలకు దరఖాస్తు పెట్టొచ్చు. ఇవి అడగడానికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. ఒక తెల్ల కాగితం, పది రూపాయల ఫీజు, కాస్త ఓపిక ఉంటే చాలు.

కంప్యూటర్ మోడల్ వల్ల రేపటి వాల్వ్ ఇంకా గట్టిగా కూర్చుంటుంది, ఇంకా నమ్మకంగా తెరుచుకుంటుంది. అందులో సందేహం లేదు. కానీ స్క్రూ మీద పాన పెట్టి ‘రెండు మరలే కదా’ అనుకునే చేతిని ఏ మోడలూ లెక్కలోకి తీసుకోలేదు. ఆ చేతిని ఆపాల్సింది పక్కన నిలబడ్డ కుర్రాడు. ఆపితే ఉద్యోగం పోదన్న ధైర్యం అతనికి ఉండాలి. ఆ ధైర్యం ఇవ్వాల్సింది యాజమాన్యం, ఇస్తోందో లేదో చూడాల్సింది ప్రభుత్వం. ఈలోగా ఇంట్లో పాత కుక్కర్ ఉంటే ఈ రోజే దాని వెయిట్ రంధ్రం శుభ్రం చేసి, సేఫ్టీ ప్లగ్ ఎలా ఉందో చూడండి. పాతదైతే మార్చేయండి.